వేటపాలెం బీరువాల ముందు

వేటపాలెం సారస్వత నికేతనం గురించి చెప్పేవాళ్లు ముందుగా అక్కడ దాచి ఉంచిన గాంధీగారి చేతికర్ర సంగతి ఎత్తుతారు. 1918లో మొదలైన ఈ గ్రంథాలయ భవనానికి 1929లో శంకుస్థాపన చేసింది ఆయనే. నేను వెళ్లింది మాత్రం పాత పత్రికల కోసం. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు పండుబారిన కాగితాలతో, బైండు పుస్తకాలుగా ఇక్కడ నిలిచి ఉన్నాయి. చీరాల-పేరాలను మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచినందుకు 1921లో జనం ఇళ్లు వదిలి రామనగరులో పాకలు వేసుకున్నది ఈ చుట్టుపక్కలే. ఆ రోజుల్లో ఆ ఉద్యమాన్ని సమర్థించినవాళ్లు ఏమన్నారో, తప్పుపట్టినవాళ్లు ఏమన్నారో ఇవాళ పోల్చి చూడాలంటే ఇలాంటి బీరువాలే దిక్కు. ఆ కాగితాలను దాచినవాళ్లలో ఎవరికి ఏ రాతతో పేచీ ఉండేదో తెలియదు. పేచీ ఉన్నా పారేయలేదు. చదివే స్వేచ్ఛ అని మనం పెద్ద మాటల్లో చెప్పుకునేదానికి పునాది అదేనని నా నమ్మకం.

పుస్తకానికి ప్రమాదం ప్రభుత్వం నుంచే వస్తుందనుకుంటాం. వచ్చింది కూడా. ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైల్లో రాసిన 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కానీ నిషేధం నలుగురికీ తెలిసేలా వస్తుంది కాబట్టి దానితో పోట్లాడవచ్చు. ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 98వ సెక్షను ప్రకారం ఒక పుస్తకాన్ని స్వాధీనం చేసుకోవాలంటే రాష్ట్ర ప్రభుత్వం కారణాలు చూపుతూ నోటిఫికేషన్ ఇవ్వాలి. దాన్ని రద్దు చేయమని 99వ సెక్షను కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. ఎవరో అభ్యంతరం చెప్పారని, ఎందుకొచ్చిన గొడవని, ఒక లైబ్రేరియను సాయంత్రం పూట అల్మరాలోంచి తీసి గోనెసంచిలో కట్టేసిన పుస్తకానికి నోటిఫికేషనూ ఉండదు, కారణమూ ఉండదు, వెళ్లడానికి కోర్టూ ఉండదు. పాఠకుడికి అది పోయిందనే తెలియదు. అందుకే ఈ రెండో ప్రమాదమే పెద్దదంటాను.

మరి లైబ్రేరియను ఎంపిక చేయకూడదా, ఉన్న కాస్త డబ్బుతో చెత్తంతా కొనాలా అని అడుగుతారు. ఎంపిక తప్పదు. పాఠకులకు ఏం కావాలి, ఈ అల్మరాలో ఏ లోటు ఉంది అని చూసి కొనడం ఎంపిక. ఎవరికి కోపం వస్తుందో లెక్కవేసి తీసేయడం వేరే పని. పిల్లల మాటేమిటన్నది ఇంకో ప్రశ్న. పిల్లలకు విడిగా విభాగం పెట్టడం సబబే. కానీ ఒక తల్లి తన బిడ్డ విషయంలో చేసిన నిర్ణయం ఊరందరి బిడ్డలకూ, పెద్దలకూ వర్తించదు. బీరువాకు తాళం వేయడమూ ఆంక్షే కదా అనేవాళ్లున్నారు. చేతులు మారితే పొడి అయిపోయే పత్రికకు తాళం కావాలి. అయితే అడిగినవాడికి తీసివ్వాలి, ఎందుకు చదువుతున్నావని ఆరా తీయకూడదు. ఇష్యూ రిజిస్టరు ఉన్నది పుస్తకం తిరిగి రావడానికి. ఎవరు ఏం చదివారో మూడో మనిషికి చెప్పడానికి కాదు. ఈ ఒక్క పట్టింపు లేకపోతే బెరుకున్న పాఠకుడు ఆ పుస్తకం అడగనే అడగడు.

ఇంత ధైర్యం చిన్న ఉద్యోగి నుంచి ఆశించడం న్యాయమా అన్నది నన్ను నిజంగా తడబాటులో పెట్టే అభ్యంతరం. ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో జమచేయవన్నది పాత ఫిర్యాదే. కొత్త పుస్తకాలకు డబ్బు లేని చోట, ఉద్యోగానికి భరోసా లేని చోట గట్టిగా నిలబడమని ఒంటరి మనిషికి చెప్పలేం. ఆ మనిషి వెనక నియమం ఉండాలి. లిఖితపూర్వకంగా ఫిర్యాదు రానిదే, కమిటీ చదివి చర్చించనిదే ఏ పుస్తకమూ అల్మరా దిగకూడదు. దిగిన పుస్తకం పేరు, తేదీ, కారణం నోటీసు బోర్డు మీద పెట్టాలి. చిరిగిపోయిందనో, రెండో ప్రతి ఉందనో రద్దుచేసిన పుస్తకానికీ ఇదే పద్ధతి. జిల్లా గ్రంథాలయ సంస్థలకు దీనికి పెద్ద ఖర్చేమీ ఉండదు. ఒక రిజిస్టరు, అందులో సంతకం చేసే బాధ్యత చాలు. పుస్తకం తీసేయమని ఒత్తిడి తెచ్చే పెద్దమనిషి కూడా అప్పుడు తన పేరు, కారణం కాగితం మీద రాసివ్వాల్సి వస్తుంది.