తుఫానుకు జోలపాట

బొమ్మల పుస్తకాలు పిల్లలకే పరిమితమని చాలామంది అనుకుంటారు. 'ద మౌస్‌హోల్ క్యాట్' చదివితే ఆ అభిప్రాయం మారుతుంది. ఆంటోనియా బార్బర్ రచనకు నికొలా బేలీ చిత్రాలు వేయగా 1990లో ఇంగ్లండులో వెలువడిన పుస్తకమిది.

మౌస్‌హోల్ కార్న్‌వాల్ తీరాన నిజంగానే ఉన్న ఒక జాలరి పల్లె. పేరుకు అర్థం ఎలుక కలుగు. స్థానికులు 'మౌజుల్' అని పలుకుతారు. కథలో ఆ ఊరి రేవు ద్వారం కూడా కలుగంత ఇరుకైనదే. ఒక చలికాలం తుఫాను రేగి పడవలన్నీ రేవులో చిక్కుకుంటాయి. ఊరు పస్తులుంటుంది. ముసలి జాలరి టామ్, అతని పిల్లి మౌజర్ ప్రాణాలకు తెగించి బయలుదేరుతారు.

మౌజర్ కంటికి ఆ తుఫాను ఒక మహామార్జాలం. ద్వారం వద్ద పొంచి, చిక్కిన పడవను ఎలుకపిల్లలా పంజాతో ఆడిస్తుంది. మౌజర్ దానితో పోరాడదు, పాడుతుంది, గురగురలాడుతుంది. తుఫాను మెల్లగా మెత్తబడుతుంది. రాత్రి తిరిగివచ్చే పడవకు ఊరివారు దీపాలు వెలిగించి దారి చూపుతారు.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న మా బీర్పూర్‌లో, ఒక వేసవి సెలవుల్లో ఈ కథను మా మేనకోడలికి తెలుగులో చెప్పాను. సముద్రాన్ని ఎలా వర్ణించాలో తోచలేదు. ఆ అవసరమే రాలేదు. "వానకాలం గోదారి లెక్కనా మామా?" అని తనే అడిగింది. పొంచివున్న పిల్లిని ఎరిగిన పిల్లకు, వరద గోదావరిని చూసిన పిల్లకు తుఫానును వేరే వివరించనక్కరలేదు. కథ ముగిశాక ఇంకో ప్రశ్న వేసింది: "పాట పాడితె నిజంగనె ఇంటదా?"

ఆ ప్రశ్నకు ఆ ఊరి చరిత్రలోనే కఠినమైన జవాబుంది. 1981 డిసెంబరు 19 రాత్రి ఒక ఓడను ఆదుకోవడానికి మౌస్‌హోల్‌కు చెందిన ఎనిమిది మంది ప్రాణరక్షక పడవలో వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఓడలోని ఎనిమిది మందీ మరణించారు. క్రిస్మస్‌కు రేవంతా దీపాలతో అలంకరించే ఆ ఊరు, ఏటా ఆ తేదీ రాత్రి ఒక గంటసేపు వాటిని ఆర్పివేస్తుంది.

సముద్రం ఎప్పుడూ పాట వినదు. అయినా ఆ కథ అబద్ధమని నేననుకోను. పస్తులున్నవారికోసం ఎవరో ఒకరు పడవ దించుతారన్నది నిజం; వారికోసం ఒడ్డున దీపం పెడతారన్నదీ నిజం. గోదావరి ఒడ్డున పెరిగే పిల్లలకు నీటి భయం ఎటూ తప్పదు. ఆ భయానికి తోడుగా ఒక పాట కూడా ఉంటే మంచిదే కదా! పుస్తకం దొరికితే మీ ఇంటి పిల్లలకు మీ యాసలోనే చెప్పి చూడండి.