హీరోగారి నటన ‘అదభుతం’!

అచ్చుతప్పు కాదండోయ్! పైన ఉన్న మాట అచ్చంగా నేను టైపు చేసిందే. ఓ శుక్రవారం తెల్లవారుజామున, మూడున్నర గంటలకి.

రివ్యూలు రాసేవాడి బతుకేమిటో మీకు తెలుసో లేదో... ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో రెండో ఆట వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మీరంతా క్లైమాక్స్ ఫైటు గురించి వాదించుకుంటూ ఇళ్లకెళ్లి హాయిగా పడుకుంటారు. నేను మాత్రం చిక్కడపల్లిలోని మా రెండు గదుల వాటాకి నడిచొచ్చి, మీరు నిద్ర లేచేసరికి మీ ఫోన్లో ఉండాల్సిన వెయ్యి మాటలూ కొట్టడం మొదలుపెడతాను. నాకు నెలజీతం లేదు. రాస్తేనే డబ్బు. వేళ్లు కదిలితేనే వంట!

ఆ రాత్రి నా లాప్‌టాప్‌లో ‘డి’ కీ చచ్చిపోయింది. ఇంగ్లీషువాళ్లకైతే ఒక్క అక్షరం పోయినట్టు. నేను కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. 1980ల్లో భారత ప్రభుత్వం వారు మన భాషలన్నిటికీ కలిపి తయారుచేసిన వరస అది. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి. అందులో ‘డి’ అంటే పొల్లు. అది లేకపోతే తెలుగులో ఒత్తక్షరాలు లేవు! చిత్రం ‘చితరం’ అయింది. ప్రేక్షకులు ‘పరేకషకులు’ అయ్యారు. హీరోగారి నటన ‘అదభుతం’ అయింది. ఒత్తున్న మాటల్ని పాత వ్యాసాల్లోంచి ఏరుకొచ్చి అతికించి, ఎలాగో పంపించాను. హీరోయిన్ పేరులో రెండు ఒత్తులున్నాయి. ఆవిణ్ణి ‘కథానాయిక’ అని సరిపెట్టాను, క్షమించాలి.

ఆ కీయే ఎందుకు పోయిందంటారా? ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఆరుసార్లు కొట్టాలి. అందులో రెండుసార్లు ‘డి’యే. ఏళ్ల తరబడి ఎడమచేతి మధ్యవేలు దాన్ని బాదుతూనే ఉంది. కీ కంటే ముందు ఆ చేతి మణికట్టే మూలగడం మొదలుపెట్టింది... నేనే పట్టించుకోలేదు.

సరే, మంచి కీబోర్డు కొందామనుకున్నాను. మెకానికల్ అయితే దశాబ్దం ఉంటుందని మిత్రుడొకడు అన్నాడు. వెనకా ముందూ చూడకుండా నీలం స్విచ్చులది తెప్పించేశాను. ఎత్తుగా, బరువుగా, విలన్ కారులా దర్జాగా ఉంది. కొడితే టక్... టక్... టక్! నాకైతే ప్రాణం లేచొచ్చింది.

నాకే కాదు, నాన్నకీ లేచొచ్చింది. ఆ గదిలోనే ఆయన పడుకుంటారు. గుండె ఆపరేషనయి అప్పటికి నెలన్నర. నిద్ర చాలా ముఖ్యమని డాక్టరు మరీ మరీ చెప్పి పంపారు. నాన్న తెనాలిలో ఇరవై ఆరేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. లోయరు, హయ్యరు పరీక్షలకి ఎంతమందిని తయారుచేశారో ఆయనకే లెక్క లేదు. ఆ చప్పుడు వినగానే లేచి కూర్చుని, చీకట్లో నవ్వుతున్నారు. “ఒరేయ్, ఎన్నాళ్లయిందిరా ఈ మోత విని!” అన్నారు. మూడు రాత్రులు అలాగే నవ్వుతూ కూర్చున్నారు. నాలుగో రోజు పొద్దున మందులు వేసుకుంటుంటే చేతులు వణికాయి. రాత్రంతా నిద్రలేదట. “నీ పనికి అడ్డమని చెప్పలేదురా” అన్నారు.

నేను ఆ కీబోర్డుని పెట్టెలో పెట్టేశాను. పగలు రాద్దామంటే పగలు రివ్యూ ఎవడికి కావాలి? నా రాత్రి పని ఉండాలా, ఆయన రాత్రి నిద్ర ఉండాలా అన్న కాడికొచ్చింది వ్యవహారం. దానికి తోడు, ఆ ఎత్తు కీబోర్డు మీద చేతులు పైకి వంచి కొట్టడంతో మణికట్టు నొప్పి మోచేతి దాకా పాకింది.

అప్పుడు గానీ బుద్ధిగా చదవలేదు. చదివితే తెలిసిందేమిటంటే, ఈ స్విచ్చులకి రంగుల్ని బట్టి గుణాలు. నీలానికి మోత ఎక్కువ. గోధుమరంగుకి మోత లేదు గానీ, మధ్యలో వేలికి చిన్న గతుకు తగులుతుంది. ఎరుపుకి మోతా లేదు, గతుకూ లేదు, నున్నగా దిగిపోతుంది. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉన్నా, మొత్తమ్మీద వాడుక ఇదే. వీటికి పెద్దలు 1980ల్లో వచ్చిన చెర్రీవారి ఎంఎక్స్ స్విచ్చులు. అవి 18.5 మిల్లీమీటర్ల ఎత్తు. 2018లో అదే కంపెనీ 11.9 మిల్లీమీటర్ల పొట్టి రకం తెచ్చింది. వేరే కంపెనీల పొట్టివీ ఉన్నాయి. వీటినే ‘లో ప్రొఫైల్’ అంటున్నారు. పెద్ద స్విచ్చు 4 మిల్లీమీటర్లు దిగితే ఇవి 3 చిల్లర దిగుతాయి. లాప్‌టాప్ కీ ఒకటి, ఒకటిన్నర దిగి ఆగిపోతుంది. వేలు వెళ్లి రాతికి కొట్టుకున్నట్టుంటుంది.

అసలు కిటుకు వేరే ఉంది. మామూలు రబ్బరు కీబోర్డులో కీ దాదాపు అడుగు దాకా దిగితే గానీ అక్షరం పడదు. మెకానికల్ స్విచ్చు దారిలోనే అక్షరం ఇచ్చేస్తుంది. అంటే అడుగు దాకా బాదక్కర్లేదు. చప్పుడులో చాలా భాగం ఆ బాదుడుదే!

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఓ మధ్యాహ్నమంతా తిరిగాను. పెట్టె విప్పి చూపించమంటే కొందరు మొహం చిట్లించారు. ఒక కుర్రాడు మాత్రం తన సొంతది తీసి ముందు పెట్టాడు. “సార్, బల్ల మీద చెయ్యి మామూలుగా పెట్టండి. మణికట్టు వంగకుండా వేళ్లు కీల మీదికి వస్తే అదే మీది” అన్నాడు. వచ్చాయి! ఎరుపు తీసుకుందామనుకున్నాను గానీ, రాత్రి నిద్రమత్తులో వేలు అలా ఆనిస్తే చాలు, అక్షరం పడిపోతోంది. గోధుమరంగుకే ఖాయమయ్యాను. అంకెల గుత్తి లేనిది, బాణం గుర్తులు ఉన్నది. ఎనిమిది వేల చిల్లర. నాలుగు రివ్యూల డబ్బు! కంపెనీ పేరు చెప్పను, నేను ప్రకటనలు రాయను.

కొనేవాళ్లకి ఒక్క మాట. పొట్టి స్విచ్చుల్లో అన్నీ ఒకదానికొకటి సరిపోవు. కొన్నిటి పైతొడుగులు కూడా మామూలువి పట్టవు. అందమైన తొడుగులు చూసి ముందు అవి కొనకండి. తెలుగు అక్షరాలున్న తొడుగులు నాకైతే దొరకలేదు. చూడకుండా కొట్టడం నేర్చుకోవాల్సిందే.

ఇంటికి తెచ్చాక నాన్న పరీక్ష పెట్టారు. నన్ను కూర్చోబెట్టి, కొడుతుంటే నా చేతుల్నే చూశారు. “మణికట్టు బల్లకి ఆనిస్తున్నావు. ఎత్తు. మా పిల్లల్ని ఇందుకే కొట్టేవాణ్ణి” అన్నారు. ఎనిమిది వేలు పోసినా నా తప్పు నాదే! తర్వాత ఆయనే కూర్చున్నారు. కళ్లు మూసుకుని, పాత టైపు మిషను వరసలో వేళ్లు పరిగెత్తించారు. తెర మీద ‘జగౌపే’ లాంటివేవో పడ్డాయి. “ఒరేయ్, నీ మిషనుకి తెలుగు రాదురా!” అని నవ్వారు. అమ్మ పోయాక ఆయన అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు.

మొదటి వారం తప్పులు బోలెడు కొట్టాను. నొప్పి పూర్తిగా పోలేదు, మోచేతి నుంచి మాత్రం వెనక్కి తగ్గింది. గంటకోసారి లేచి నీళ్లు తాగుతున్నాను.

పోయిన శుక్రవారం పొద్దున కాఫీ ఇస్తుంటే నాన్న అడిగారు. “రాత్రి రాయలేదేంట్రా? సినిమా వాయిదా పడిందా?”

“రాశాను నాన్నా. నాలుగింటికే పంపించేశాను.”

“అవునా! ఎలా ఉంది?”

“ఇంటర్వెల్ దాకా పర్వాలేదు.”