బోధన్ దారిలో కుడిచెయ్యి

నిజామాబాద్ నుంచి బోధన్ ఓ పాతిక కిలోమీటర్లు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ నడిచిన రోజుల్లో (2015లో మూతపడింది లెండి) చలికాలం వస్తే ఈ రోడ్డంతా చెరుకు బండ్లే.

మా పెళ్లయిన కొత్త. మా వారి స్కూటరుకి ఇండికేటర్ పనిచేయదు. జానకంపేట దాటాక పొలం దారికి కుడివైపు తిప్పారో లేదో, వెనక చెరుకు లారీ మా మీదికే వచ్చింది! మట్టిలో పడ్డాం. నా గాజులు పగిలాయి, అంతటితో పోయింది.

ఆ సాయంత్రం వాకిట్లోనే బాపు అల్లుడికి పాఠం చెప్పాడు. కుడికి తిరగాలంటే కుడిచెయ్యి భుజమెత్తున చాపి, అరచెయ్యి ముందుకు పెట్టాలి. ఎడమకైనా అదే చెయ్యి, కాకపోతే గడియారం ముల్లుకి ఎదురు తిప్పాలి. నెమ్మదించాలంటే అరచెయ్యి నేలవైపు పెట్టి పైకీ కిందికీ ఊపాలి. ఆగాలంటే ముంజెయ్యి నిటారుగా ఎత్తాలి. ఆక్సిలేటరూ, ముందు బ్రేకూ ఆ చేతి కిందే కదా! అందుకని సైగ ముందుగానే చేసేసి, తిరిగేటప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచాలి.

కొంగు దోపుకుని ఒకవైపుకి కూర్చునే మనకి వెనక వచ్చే బండి తేలిగ్గా కనిపిస్తుంది. అప్పట్నుంచీ చూసి చెప్పడం నా వంతు.

మొన్న మా అమ్మాయి స్కూటీ మీద వెళ్తున్నాం. ఎడపల్లి దగ్గర ఇండికేటర్ వేసి ఊరుకుంది. సాయంత్రం బోధన్ వైపు పోతుంటే ఎండ కళ్లలోకి కొడుతుంది. వెనకవాడికి ఆ బుల్లి లైటు కనిపించొద్దూ? భుజం తట్టాను. "అబ్బా, అమ్మా!" అంటూనే చెయ్యి చాపింది.