చీకటి అడవిలో పుల్లని చెట్టు

జోగ్ జలపాతం చూద్దామని బయల్దేరాం. తీరా వెళ్లాక జలపాతం కన్నా ఓ చెట్టు గురించే ఎక్కువగా మాట్లాడుకుంటూ తిరిగొచ్చాం!

హుబ్బళ్లిలో రైలు దిగి, సుమారు వంద కిలోమీటర్లు కారులో వెళ్తే సిర్సి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, పడమటి కనుమల మీద ఉంటుందీ ఊరు. జులై కావడంతో ఎటు చూసినా తడిసిన వక్క తోటలు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు. నేనూ, మా ఆవిడా, పిల్లలూ, అన్నయ్యా వదినా... అందరం సిద్ధాపుర దగ్గర ఓ రైతు ఇంట్లో దిగాం.

మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి పెద్దావిడ వేడి వేడి దోసెలు పెట్టారు. పైన వేసింది చూస్తే పేరుకున్న నెయ్యిలా ఉంది. నెయ్యి వాసన మాత్రం లేదు. అడిగితే 'ఉప్పగె తుప్ప' అన్నారు. కన్నడంలో తుప్ప అంటే నెయ్యి. పాలతో పనిలేకుండా ఉప్పగె అనే అడవిపండు గింజల నుంచి తీస్తారట. 'చెట్టు చూస్తారా?' అంటూ పెద్దాయన మాతో పాటు కారెక్కారు.

జోగ్ నుంచి హొన్నావర వెళ్లే దారిలో ఉంది కత్తలెకాను. కత్తలె అంటే చీకటి, కాను అంటే అడవి. మన 'కాన'లాంటి మాటే. పట్టపగలే సాయంత్రమైనట్టుంది అక్కడ. రోడ్డు పక్కనే, ముదురాకుపచ్చ ఆకులతో కొమ్మలు కిందికి వాల్చిన చెట్టు. నారింజకాయంత పండ్లు, పసుపురంగులో, గుమ్మడికాయకు ఉన్నట్టు నొక్కులతో. కిందపడిన పండు తొక్క కొరికితే... అబ్బ, పళ్లు జివ్వున లాగేశాయి! చింతకాయ కూడా దీని ముందు దిగదుడుపే.

కేరళలో దీన్నే కుడంపుళి అంటారు. కుడం అంటే కుండ, పుళి అంటే పులుపు. అక్కడ చేపల కూరకి ఇది లేకపోతే రుచే రాదంటారు. వానల్లో పండుతుంది కాబట్టి ఎండబెట్టడానికి ఎండ దొరకదు. అందుకే తొక్కలు తీసి పొగ మీద నల్లగా ఆరబెడతారు. ఏడాదంతా నిల్వ ఉంటాయి.

'మా ఊళ్లో తినేది తక్కువ. విదేశాలకే ఎక్కువగా పోయేది. లావు తగ్గే మందులు చేస్తారట' అన్నారు పెద్దాయన. మా అబ్బాయి ఫోనులో వెతికి, 'పెద్దమ్మా, దీని పేరు గార్సీనియా కంబోజియా' అన్నాడు. వదిన చేతిలోని పండు అక్కడే ఆగిపోయింది.

అంతకు ముందు ఏడాది ఆమె రెండు నెలలు మింగిన క్యాప్సూళ్ల సీసా మీద ఉన్న పేరే అది. బరువు తగ్గలేదు సరికదా, కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు ముందు ఆ సీసానే మాన్పించారు. కోలుకోవడానికి చాలా రోజులే పట్టింది.

ఈ తొక్కలో ఉండే హైడ్రాక్సీ సిట్రిక్ ఆమ్లం కొవ్వును కరిగిస్తుందని ప్రచారం. అమెరికాలో 135 మంది మీద పన్నెండు వారాలు పరీక్షించి చూశారు. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్ల కంటే వీళ్లు చెప్పుకోదగ్గంతగా తగ్గిందేమీ లేదని 1998లోనే తేలింది. ఇలాంటి మాత్రలు వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు తర్వాత వైద్య పత్రికల్లోనూ వచ్చింది. అయినా గిరాకీ ఆగలేదు.

ఆ గిరాకీ దెబ్బ చెట్టుకీ తగిలింది. 'పండితే దానంతటదే రాలుతుంది. కానీ ధర పెరిగేసరికి, పక్కవాడు కోసేస్తాడేమోనని పచ్చికాయలకే కొమ్మలు నరికేశారు. గింజ నాటితే పదేళ్లకు గానీ కాయదు. అదీ ఆడచెట్టయితేనే!' అన్నారు పెద్దాయన. తొక్కల్ని ఆరబెట్టడానికి మళ్లీ అడవి కట్టెలే.

అంతలో పైన కొమ్మ ఊగింది. నల్లటి ఒళ్లు, ముఖం చుట్టూ తెల్లటి జూలు, తోక చివర కుచ్చు. సింగళీకం! మన పాత కథల్లోని సింగిలీకం అనే మాట గుర్తొచ్చింది. ప్రపంచం మొత్తంలో పడమటి కనుమల్లోనే ఉండే కోతి ఇది. దీనికి ఉప్పగె ముఖ్యమైన ఆహారం. ఈ కోతుల కోసమే 2011లో ఇక్కడ అఘనాశిని సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించారు. అది మా వంక ఓసారి చూసి, పండు తీసుకుని వెళ్లిపోయింది. వదిన తన చేతిలో పండుని చెట్టు మొదట్లోనే పెట్టేసింది.

వచ్చేటప్పుడు పెద్దావిడ గుప్పెడు ఎండు తొక్కలు పొట్లం కట్టి ఇచ్చారు. 'నాకొద్దు బాబోయ్' అంది వదిన. కానీ ఊరొచ్చాక పక్కవీధిలోని కేరళ టీచరుగారిని అడిగి, కిలో చేపలకు మూడంటే మూడు ముక్కలు వేసి పులుసు పెట్టింది. అందరం రెండోసారి అన్నం కలుపుకున్నాం.

'ఎంత వెయ్యాలో వంటింటికి తెలుసు. ఆ సీసాకే తెలీలేదు' అంది గిన్నె కడుగుతూ.

వెళ్లాలనుకుంటే: హైదరాబాద్ నుంచి హుబ్బళ్లికి రైళ్లూ బస్సులూ ఉన్నాయి. సిర్సి నుంచి జోగ్ సుమారు అరవై కిలోమీటర్లు. పండ్లు చూడాలంటే వానాకాలమే సరైన సమయం. జలగలతో జాగ్రత్త. పండ్లు మాత్రం చెట్టుకే వదిలేయండి.