మా చేతిమిషన్లు

మా ఇంట్లో ఏడు కుట్టుమిషన్లున్నాయి. ఏడూ చేత్తో తిప్పేవే. మోటారు లేదు, కాలితో తొక్కే స్టాండు లేదు. నాచారంలో రెండు గదుల ఇల్లు మాది. వచ్చినవాళ్ళు కూచోడానికి చోటు వెతుక్కోవాలి. "పాత సామాన్ల దుకాణం పెడుతున్నారా సాయిబుగారూ?" అని నవ్వుతారు. మేమూ నవ్వుతాం. కానీ ఈ పాత ఇనుమంటే మాకెందుకింత ప్రాణమో ఒకసారి చెప్పుకోవాలి.

మొదటిది నానీది. సింగర్. నల్లటి ఒంటి మీద బంగారు పువ్వులు. చెయ్యి ఆనే చోటల్లా పువ్వులు అరిగిపోయి ఇనుము మెరుస్తుంటుంది. దాని నంబరు 'వై' అక్షరంతో మొదలవుతుంది. అంటే స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ కార్ఖానాలో, 1920ల నుంచి 1930ల నడిమి దాకా తయారైన వాటిలో ఒకటన్నమాట. ఆ కార్ఖానా 1980లో మూతపడింది. మిషన్ ఇంకా నడుస్తోంది.

పెళ్ళయిన కొత్తలో నానా దాన్ని బీదర్ పట్నంలో వాయిదాల మీద కొన్నాడు. సింగర్ కంపెనీ లోకమంతటా మామూలు ఇళ్ళకు చేరింది ఈ వాయిదాల దారినే. యంత్రాలంటే గిట్టని గాంధీ కూడా 1924లో కుట్టుమిషన్ని మాత్రం మినహాయించాడు. భార్య కుట్టలేక పడే అవస్థ చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని, దాని వెనక ప్రేమ ఉందని అన్నాడు. మా ఇంట్లో దాని వెనక ఉన్నది ఆకలి. నానా చిన్న వయసులోనే పోయాడు. నానీ పర్దా దాటి బయటికి పోలేదు. నట్టింట్లో చాప మీద మిషన్ పెట్టుకుని, కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేత్తో బట్ట నడుపుతూ ఇద్దరు పిల్లల్ని సాకింది.

1948 సెప్టెంబర్. పోలీస్ యాక్షన్. ఊరు విడవాల్సి వచ్చింది. ఇద్దరు పిల్లలు, ఒక మిషన్. పది కిలోల పైనే బరువు. చెక్కపెట్టె వదిలేసి, మిషన్ని చద్దర్లో మూటగట్టి నెత్తిన పెట్టుకుని నానీ నడిచింది. సందూఖ్‌లో ఉన్న వెండి తీసుకురాకుండా ఇనుము ఎందుకు మోశావని అందరూ అడిగేవారట. "వెండి తింటే అయిపోతది. ఇది తినిపిస్తది" అనేదట.

ఆ రోజుల్లో బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా వైపు ముస్లింల మీద ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రాసిపెట్టింది. ఆ నివేదిక చాలా ఏళ్ళు జనం కంటబడలేదు. నానీ మిషన్ మాత్రం అన్నేళ్ళూ మా కళ్ళముందే ఉంది. మా ఇంటి చరిత్రకు అదొక్కటే కాగితం.

రెండోసారి అది కదిలింది 1990 డిసెంబర్ మతకలహాల తర్వాత. పాతబస్తీ వదిలి ఉప్పల్ వైపు వచ్చాం. ఎన్ని ఇళ్ళు తిరిగామో. పేరు అడిగేదాకా గది ఖాళీగానే ఉండేది. పేరు చెప్పగానే ఎవరో బంధువులు వచ్చేస్తున్నారనేవారు. చివరికి నాచారంలో ఒకామె, పేరు అడగకముందే రిక్షాలో ఉన్న మిషన్ని చూసింది.

"జాకెట్లు కుడతరా?"

"కుడతామమ్మా."

"అయితే దిగుర్రి."

ఆ ఏడు నుంచీ బతుకమ్మకు గల్లీ గల్లీ జాకెట్లు మా ఇంటికే. రాత్రంతా కాజాలు, హుక్కులు. రంజాన్‌కు మా పిల్లల కుర్తాలు మాత్రం చాంద్‌రాత్ నాడు, అందరివీ అయ్యాకే. అమ్మీ దగ్గర కొలతలిస్తూ ఆడవాళ్ళు మొగుడికి చెప్పని మాటలు కూడా చెప్పుకునేవారు. వాళ్ళ భుజాల వెడల్పు మాకు తెలుసు, మెడలోతు తెలుసు. ఏ చేతికి దెబ్బ తగిలిందో కూడా తెలుసు.

మా వాళ్ళ సంగతి కూడా దాచకూడదు. కుట్టుపని ఇద్రీస్ ప్రవక్త మొదలుపెట్టాడని దర్జీలం గొప్పగా చెప్పుకుంటాం. మసీదులో అందరిదీ ఒకే వరుస. పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అచ్ఛా, దర్జీవాలేనా?" అన్న మాట సాగదీసి వినపడుతుంది.

మిగిలిన ఆరు మిషన్లూ తర్వాత పోగైనవి. జుమ్మేరాత్ బజార్లో రెండు, ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒకటి, ఉప్పల్ కబాడీ దుకాణాల్లో మూడు. వాటిలో రెండు ఉషాలు. తూకానికి పోయే ఇనుమును తూకానికే కొన్నాం. గడ్డకట్టిన నూనెను కిరోసిన్‌తో కరిగించి, ఒక్కొక్క చుక్క మిషన్ నూనె వేస్తూ రెండు మూడు రోజులు వదిలేస్తే, బిగుసుకుపోయిన చక్రం మెల్లగా కదులుతుంది. ఆ కదలిక చేతికి తెలిసినప్పటి సంతోషం చెప్పలేం. సింగర్‌కి ఇవాళ చౌరస్తా దుకాణంలో దొరికే సూదే సరిపోతుంది.

అమెరికాలో 1933లో వచ్చిన సింగర్ ఫెదర్‌వెయిట్ అని ఒకటుంది. ఐదు కిలోల చిన్న మిషన్. బొంతలు కుట్టే ఆడవాళ్ళు దాన్ని ముద్దుగా దాచుకుని వాడతారు. వాళ్ళ సరదా మాకు అర్థమవుతుంది. మా పిల్లలు పనిచేసే బట్టల కార్ఖానాలో మిషన్ నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేస్తుంది. మా అమ్మాయి అక్కడ పొద్దంతా కాలర్లే కుడుతుంది. పూర్తి చొక్కా ఏనాడూ తన చేతిలో తయారవదు. సాయంత్రం ఇంటికొచ్చి చేతిమిషన్ ముందు కూచుంటుంది. పిడి ఒక్క తిప్పుకి మూడు కుట్లు. కరెంటు అక్కర్లేదు, తొందర లేదు. కత్తిరింపు నుంచి గుండీ దాకా తనదే.

కుట్టుకి రెండు దారాలు కావాలి. పైదారం సూదిలోది. కిందిదారం పడవలాంటి షటిల్‌లోది, కనపడదు. రెండూ బట్ట మధ్యలో ముడిపడాలి. ఒకటి గట్టిగా లాగితే రెండోది పైకి తేలి ముడులు పడతాయి. ఒకటి లేకపోతే కుట్టే లేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి తెలుగులో రాసుకునే మాకు ఈ సంగతి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

2017లో మెట్రో వచ్చాక ఉప్పల్‌లో అద్దెలు పెరిగాయి. మొన్న మా అబ్బాయికి ఇల్లు వెతుకుతూ ఒక గడప ఎక్కాం. తెలిసినామే. గది చూపించింది. ఎవరికని అడిగితే మా అబ్బాయికన్నాం. కాసేపు ఆగి, "మా ఇంట్ల పెద్దోళ్ళు ఒప్పుకోరు, ఏమనుకోకుర్రి" అన్నది. ఒంటి మీద ఉన్నది మేం కుట్టిన జాకెట్టే. చంక కింద కుట్టు చూసి పోల్చుకున్నాం. మా చెయ్యి ఆమె ఒంటికి పనికొచ్చింది. మా బిడ్డ ఆమె గదికి పనికిరాలేదు. ఆమె మీద కోపం కన్నా మా మీద మాకే జాలేసింది. ముప్పయ్యేళ్ళు కుట్టింది ఈ ఒక్క చోటే ఊడిపోయింది.

పోయిన నెల జుమ్మేరాత్ బజార్లో వంపు తిరిగిన చెక్కపెట్టె ఒకటి దొరికింది, మిషన్ లేకుండా. కొలత చూస్తే నానీ సింగర్‌కి సరిగ్గా సరిపోయింది. డెబ్బై ఏళ్ళ కిందట దారిలో వదిలేసింది మళ్ళీ ఇంటికొచ్చినట్టు మురిసిపోయాం. ఎనభై దాటిన అమ్మీ ముందు పెట్టి మూత వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మూతెయ్యకుర్రి. పెట్టెల పెడితే మళ్ళ యాడికో పోవాలని అంటది. అట్లనే ఉండనియ్యి."

పెట్టె అటక మీద పెట్టాం. మిషన్ కిటికీ పక్కనే ఉంది, దారం ఎక్కించి.