మిద్దె మీద కాళ్లు

అలమార ఎంత ఎత్తుండాలో ఆడవాళ్లని అడిగే మగవాళ్లు అక్కడక్కడా ఉన్నారు గానీ, మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు పెట్టేముందు అడిగినవాళ్లు నాకు కనబడలేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సూర్యఘర్ పథకం పెట్టి, 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ అన్నాక మదనపల్లె, పుంగనూరు, కుప్పంలోని మా బంధువుల ఇళ్లన్నిటా ఇదే ముచ్చట. ప్యానెళ్ల గురించి అందరూ మాట్లాడతారు. వాటిని మోసే స్టాండు సంగతి ఎవరికీ పట్టదు. ఇంటికోడలి సంగతీ అంతేగా!

మదనపల్లెలో మా మరిది, వెల్డింగు కుర్రవాడు గీసిన బొమ్మ చూపించి "వదినా, ఎట్లుంది?" అన్నాడు. ఆర్ట్స్ చదివినదాన్నే అయినా చూశాను. మన ఊళ్లు భూమధ్యరేఖకి 13 డిగ్రీల పైన ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు సూర్యుడు దక్షిణంగానే నడుస్తాడు. అందుకని ప్యానెల్ దక్షిణం చూస్తూ ఇంచుమించు 13 డిగ్రీలు వాలాలి. అంటే అడుగుకి రెండుముప్పావు అంగుళాల చొప్పున వెనకవైపు లేవాలి. చేట పట్టిన చేతులకి ఇదేం బ్రహ్మవిద్య కాదు.

అసలు కిటుకంతా గాలిది. పాతిక కిలోల ప్యానెల్‌ని మోయడం పెద్ద పని కాదు. కిందనుంచి దూరిన గాలి దాన్ని ఎత్తుకుపోకుండా పట్టుకోవడమే పని. అందుకే అడ్డపట్టీలు, జింకు పూత, స్టీలు బోల్టులు. పుంగనూరులో మా పెద్దత్తగారిది పాత సున్నపు మిద్దె. తూట్లు పొడిస్తే వానకి ఇంట్లో గిన్నెలు పరుచుకోవాలి. అక్కడ కాళ్లని కాంక్రీటు దిమ్మెల్లో పాతి, ఆ బరువు గోడల మీద పడేటట్టు కూర్చోబెట్టారు.

మరిది బొమ్మలో అన్నీ ఉన్నాయి, వడియాలు తప్ప.

కుప్పంలో మా అక్కయ్య మిద్దెనిండా మోకాలెత్తున బిగించేశారు. వంటకి ముందు ఓ అరగంట ఆ మిద్దే ఆమెకి పుట్టిల్లు. "బిల్లు తగ్గిందే, ఆకాశం కూడా తగ్గింది" అంది నాతో.

అది గుర్తొచ్చి, కాళ్లు ఏడడుగులు లేపమన్నాను. "గాలి దెబ్బ పెరుగుతుందమ్మా, ఇనుమూ పెరుగుతుంది" అన్నాడు కుర్రవాడు. మరిది మొహం ముడుచుకుంది.

అంతవరకూ నోరు విప్పని తోడికోడలు అంది: "కాళ్లు పొట్టిగానే ఉండనీ. 3 కిలోవాట్లకి 300 చదరపు అడుగులు చాలంటగా! దక్షిణం పక్క ఆరడుగులు నా వడియాలకి వదలండి. ప్యానెళ్ల మీద నీడ పడకుండా బట్టల తీగ ఉత్తరానికి కట్టండి."

కుర్రవాడు చెరిపి మళ్లీ గీశాడు. ఖర్చు రూపాయి పెరగలేదు.

కాగితం మీద సంతకం ఎవరైనా పెట్టనీండి. అది పడేముందు మాత్రం మీరొకసారి మిద్దెక్కి నిలబడి చూసుకోండి.