చేతులు మారిన జాకెట్టు

జాకెట్టు పాడైతే ఎంత కోపమొస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అందులోనూ ఆడపడుచు కూతురి పెళ్లికి కుట్టించుకున్నదైతే!

పటాన్‌చెరులో మా వీధి చివరి దర్జీ ఆవిడ దగ్గర పదేళ్లుగా కుట్టిస్తున్నాను. కాలనీలో అందరి కొలతలూ ఆమెకి నోటికే వచ్చు. అలాంటి మనిషి 2019లో నా జాకెట్టుకి కుడి చెయ్యి ఎడమకీ, ఎడమది కుడికీ వేసి ఇచ్చింది. అంతకు ముందు నెల హుక్కులు మరిచిపోయింది. ఇచ్చిన డబ్బు ఇవ్వలేదంది.

"చేతకాకపోతే మానెయ్యరాదూ?" అనేశాను.

ఆమె ఎదురు చెప్పలేదు. మాట ఆలస్యంగా చెవికెక్కినట్టు నా మొహంకేసి చూసింది. "అరికాళ్లు మండుతున్నయమ్మా. తొవ్వల చెప్పు జారిపోయినా తెల్వకుంట ఇంటికొచ్చిన" అంది. సాకు అనుకున్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అలాగే అనుకున్నాను.

తర్వాత ఏడెనిమిది నెలలు కొట్టు మూసే ఉంది. తిరిగొచ్చాక ఓ మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి తనే చెప్పింది, హెచ్‌ఐవి అని. ఎలా వచ్చిందని అడగబోయి నాలిక కరుచుకున్నాను. (ఇది రాయడానికి ఆమె ఒప్పుకుంది. పేరు మాత్రం నేనే రాయను.)

ఆ క్రిమి రక్తంతో ఆగదని నాకప్పటిదాకా తెలీదు. సోకిన కొద్ది వారాల్లోనే మెదడులోకీ చేరగలదని తెలిసిన డాక్టరమ్మ చెప్పింది. నాడీకణాల జోలికి నేరుగా పోదట, వాటికి కాపలా ఉండే కణాల్లో దూరి చిచ్చు పెడుతుందట. మందు పడకపోతే మతిమరుపు, చేతుల్లో మందకొడితనం, పాదాల్లో మంట, తిమ్మిరి. ఒంట్లో సత్తువ బాగా తగ్గాక క్షయో, ఒక రకం బూజుక్రిమో మెదడు పొరల్ని పట్టుకుంటే ప్రాణానికే ముప్పు. అలాంటివాళ్లకి తలనొప్పి వదలకుండా జ్వరం, వాంతులు వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

2004 ఏప్రిల్ 1 నుంచి సర్కారు ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. విచిత్రమేమిటంటే, మొదట్లో ఇచ్చిన స్టావుడిన్ అనే మందే కొందరికి పాదాల్లో మంట తెచ్చిపెట్టింది. దాన్ని వదిలించుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. ఇప్పుడు చాలామందికి రోజుకొక్క మాత్ర, అందులోనే మూడు మందులు. హైదరాబాదు కంపెనీలు చేసేవి ఆఫ్రికా దాకా వెళ్తాయి. మందుల ఫ్యాక్టరీల వాసనకి కిటికీలు మూసుకుని తిట్టుకునేవాళ్లం మేం. తిట్టడం మానలేదు గానీ, గొంతు తగ్గించాను.

ఆమె చాలావరకు తేరుకుంది. కొలతలు నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. సూదిలో దారం కోడలు ఎక్కించి ఇస్తుంది.

"ఆ జాకెట్టు తెండమ్మా, సరిజేసిస్త" అంది మొన్న.

"ఎక్కడ పెట్టానో మరిచిపోయానమ్మా" అన్నాను.

బీరువాలో పై అరలోనే ఉంది.